ప్రమాదంలో ఆసుపత్రిని మనం ఎంచుకోం

రోడ్డు ప్రమాదం మాట వస్తే మన ఇళ్లలో ముందుగా వినిపించేది ‘గ్రహచారం’. ‘ఆ రోజు బయల్దేరకపోతే బాగుండేది’, ‘ఎవరి రాత ఎలా ఉంటే అలా జరుగుతుంది’ అనుకుని సరిపెట్టుకుంటాం. ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాజువాలిటీ రిజిస్టరు తిరగేసే మాలాంటివాళ్లకు అందులో రాత కన్నా లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. పొద్దుగూకాక బైకులు. మిరప కోతలప్పుడు కూలీల ఆటోలు. ఎండాకాలంలో తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు. సంక్రాంతికి ఊళ్లకు వెళ్తూ హైవే మీద దెబ్బతిన్న కుటుంబాలు. ముసురు పట్టిన రోజుల్లో మెట్ల మీదా బాత్రూముల్లోనూ జారిపడ్డ పెద్దవాళ్లు. ఏ కాలంలో, ఏ వేళలో, ఎవరు వస్తారో అనుభవమున్న స్టాఫ్ నర్సు ముందే చెప్పగలదు. ముందే చెప్పగలిగిన దాన్ని రాత అనడం ఎలా కుదురుతుంది?

రాత అనుకోవడంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దెబ్బ తగిలాక ఏం జరిగిందని అడగడం మానేస్తాం. ఒకే రకం దెబ్బతో రెండు చోట్ల ఇద్దరు పడిపోతారు. ఒకరు రెండు మూడు వారాల్లో నడిచి ఇంటికి వెళ్తారు. మరొకరు దారిలోనే పోతారు. వయసు ఒకటే, గాయం ఒకటే. ఎక్కడ పడ్డారు, ఎవరు లేపారు, దేనిలో తీసుకొచ్చారు, చేరిన చోట రక్తం ఉందా, సర్జన్ ఉన్నారా అన్నవాటి దగ్గరే తేడా వస్తుంది.

ఇది పేదవాళ్ల సమస్య అని మధ్యతరగతి కుటుంబాలు అనుకుంటాయి. ఆరోగ్య బీమా ఉంది, కారుంది, పేరున్న ఆసుపత్రిలో తెలిసిన డాక్టరున్నారు అన్న ధీమా అది. మోకాలి ఆపరేషన్‌కో కాన్పుకో ఆ ధీమా పనికొస్తుంది. పెద్ద దెబ్బ తగిలిన మొదటి గంటలో మాత్రం పనికిరాదు. ఆ గంటలో ఆసుపత్రిని మనం ఎంచుకోం. మనం పడిపోయిన చోటే మన ఆసుపత్రి ఏదో తేల్చేస్తుంది.

దెబ్బలు అందరికీ సమానంగా తగలవు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. 2023లో మృతుల సంఖ్య 1.72 లక్షలు దాటింది.

ఈ మొత్తాన్ని కాస్త విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 2022లో చనిపోయినవారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. మరో 19 మంది కాలినడకన వెళ్తున్నవారు. అంటే పోయిన ముగ్గురిలో దాదాపు ఇద్దరికి చుట్టూ కారు బాడీ లేదు, ముందు ఎయిర్‌బ్యాగు లేదు. నూటికి 66 మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారే. ఇంటికి సంపాదన తెచ్చే వయసు అది. మరణాల్లో మూడింట రెండొంతులు గ్రామీణ ప్రాంతాల్లోనే. జాతీయ, రాష్ట్ర రహదారులు దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో 5 శాతమే అయినా 60 శాతం మరణాలు వాటి మీదే. ప్రమాదాల్లో ఐదింట ఒకటి సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య జరుగుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కూడా ఇదే తీరులో ఉంది. ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్ల మీద చనిపోతుంటే, అందులో 92 శాతం మంది తక్కువ, మధ్య ఆదాయ దేశాల వాళ్లు. ప్రపంచంలోని వాహనాల్లో ఆ దేశాల్లో ఉన్నవి 60 శాతం మాత్రమే. బళ్లు తక్కువ, చావులు ఎక్కువ.

ఈ లెక్కల్లో కనిపించని దెబ్బలు మరికొన్ని ఉన్నాయి. ఆటోలో పట్టినంతమందిని ఎక్కించుకుని పొలానికి వెళ్తున్న ఆడకూలీలు ఒక్క బోల్తాకి పది పన్నెండు మంది ఒకేసారి క్యాజువాలిటీకి వస్తారు. ఆ పూట ఏ చిన్న ఆసుపత్రిలోనైనా అంతమందికి సరిపడా మంచాలు, చేతులు ఉండవు. నూర్పిడి మిషన్లో చెయ్యి పోగొట్టుకున్న పాలేరు, పరంజా మీంచి పడ్డ తాపీ కూలీ, చెట్టు మీంచి పడి నడుం కింద స్పర్శ పోయిన గీత కార్మికుడు ఏ రోడ్డు ప్రమాదాల పట్టికలోనూ ఉండరు. గీత కార్మికుల కోసం తెలంగాణలో 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. నడుముకో తాడు, ఒంటికో బెల్టు. చెట్టెక్కే మనిషికి ఆమాత్రం ఏర్పాటు ఎప్పుడో ఉండాల్సింది.

గంటలో ఏం జరుగుతుంది?

నేను సర్జన్‌ని కాను, జనరల్ మెడిసిన్ వైద్యుణ్ని. అయినా ఎమర్జెన్సీ డ్యూటీ చేసే ఏ డాక్టరుకైనా మొదట అర్థమయ్యేది రక్తం లెక్క. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ముప్పావు లీటరు పోయినా పైకి పెద్దగా తెలియదు. గుండె వేగం పెంచుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, శరీరం సర్దుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లలో లీటరున్నర పోయేదాకా బీపీ నిలకడగానే కనిపించొచ్చు. ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. ‘మాట్లాడుతున్నాడు, బీపీ బాగానే ఉంది, కంగారేం లేదు’ అన్న మాట ఎన్నో ఇళ్లను ముంచింది. పైకి చుక్క రక్తం కారకపోయినా విరిగిన తొడ ఎముక చుట్టూ లీటరు పైగా చేరుతుంది. కటి ఎముక విరిగినా, ప్లీహం చిట్లినా లోపల అంతకంటే ఎక్కువే పోతుంది.

ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరికీ 30 ఏళ్లు, ఇద్దరూ బైకు మీంచి పడ్డారు, ఇద్దరికీ ప్లీహం చిట్లింది. ఒకరు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పడ్డారు. అంబులెన్స్ వచ్చింది, ముప్పావు గంటలో స్కాన్, రక్తం, ఆపరేషన్ థియేటర్. రెండో మనిషి పాడేరు వైపు కొండ దారిలోనో, నల్లమల అంచున ఓ తండా దగ్గరో పడ్డారు. ఫోన్ సిగ్నల్ దొరికే చోటికి ఎవరో పరిగెత్తాలి. కొన్ని గూడేల నుంచైతే డోలీలో రోడ్డు దాకా మోసుకు రావాలి. అక్కడి నుంచి పీహెచ్‌సీ, పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రి, అక్కడ సర్జన్ లేకపోతే జిల్లా ఆసుపత్రి, అక్కడా వీలుకాకపోతే నగరంలోని పెద్దాసుపత్రి. ప్రతి మజిలీలో దించడం, చీటీ రాయించడం, మళ్లీ ఎక్కించడం. రెండో మనిషికి వైద్యం ‘దొరికింది’ అనే రికార్డుల్లో ఉంటుంది. అది రక్తం పోయాక దొరికింది.

ఈ తేడా ఎంత ఉంటుందో 1998లోనే ఒక అధ్యయనం చూపించింది. తీవ్రంగా గాయపడ్డవారిలో మరణాలు అమెరికాలోని సియాటెల్‌లో 35 శాతం, మెక్సికోలోని మాంటెరేలో 55 శాతం, ఘనాలోని కుమాసిలో 63 శాతం. ఆ తేడాకి ప్రధాన కారణం ఆసుపత్రికి చేరకముందే జరిగిన మరణాలు. గొప్ప సర్జన్లు ఎక్కడున్నారన్నది కాదు, సర్జన్ దగ్గరికి మనిషి ప్రాణాలతో చేరుతున్నాడా అన్నది అసలు ప్రశ్న. మన దగ్గర 2006లో లా కమిషన్ తన 201వ నివేదికలో వైద్య నిపుణుల మాటగా ఇదే చెప్పింది. మొదటి గంటలో ఆసుపత్రిలో చేర్చగలిగితే ప్రమాద బాధితుల్లో సగం మందిని కాపాడొచ్చని.

ఆ గంటలో కావలసినవన్నీ ఖరీదైనవేమీ కావు. ట్రనెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ ఉంది. చవకైన పాత మందు. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా బాధితుల మీద జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇది రక్తస్రావ మరణాలను తగ్గిస్తుందని తేలింది. మొదటి గంటలో ఇస్తే రక్తస్రావంతో చనిపోయే ముప్పు మూడో వంతు తగ్గింది. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు కనిపించింది. మందు అదే, మనిషి అదే. గడియారం ఒక్కటే మారింది.

హోదా చూడని హైవే

మధ్యతరగతికీ పైతరగతికీ ఇది వర్తించదనుకుంటే మన రాష్ట్రాల రహదారుల చరిత్రను ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. మాజీ కేంద్ర మంత్రి ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర జరిగిన ప్రమాదంలో కన్నుమూశారు. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి ప్రయాణిస్తున్న వాహనం బోల్తా పడింది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి అదుపు తప్పిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆమెను నంద్యాలకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తరలించారు. మర్నాడు కన్నుమూశారు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ ప్రాణాలు కోల్పోయారు. పలుకుబడి, డబ్బు, దేశంలోని ఏ ఆసుపత్రికైనా వెళ్లగల శక్తి ఉన్నవాళ్లే వీరంతా. దెబ్బ తగిలిన క్షణంలో వాళ్లకు దగ్గర్లో ఉన్నది మాత్రం మామూలు ఊరు, మామూలు రోడ్డు.

మన కుటుంబాలూ అదే రోడ్ల మీద తిరుగుతున్నాయి. తిరుపతికి, శ్రీశైలానికి, పెళ్లిళ్లకు, పండగకు సొంతూరికి. కారులో కూర్చున్నంతసేపు మన ఆసుపత్రి ప్రతి ముప్పై కిలోమీటర్లకూ మారిపోతూ ఉంటుంది. మనం ఎన్నడూ అడుగు పెట్టని, ఎన్నడూ పట్టించుకోని ఓ ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీ ఒక రాత్రి మన ప్రాణానికి ఆధారం కావచ్చు. అక్కడ ఆ రాత్రి మత్తు డాక్టరున్నారా, ఫ్రిజ్‌లో రక్తముందా అన్నది అప్పుడు మనకు సొంత విషయమవుతుంది.

నీతి ఆయోగ్ కోసం ఎయిమ్స్ వైద్యులు దేశంలోని 100 ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ సేవలను పరిశీలించారు. 2021లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం 91 శాతం ఆసుపత్రులకు అంబులెన్సులున్నాయి. శిక్షణ పొందిన పారామెడిక్స్ ఉన్నవి 34 శాతమే. బండి ఉంది, బండిలో చూసే మనిషి లేడు. 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలై ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు దారి చూపింది. ఆ ఘనతను నిలబెట్టుకోవడం కూడా మన బాధ్యతే.

ఇంట్లోనే ఉన్న తేడా

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి. దానికి ముందు మన గడప లోపల చూసుకోవాల్సినవీ ఉన్నాయి.

చాలా ఇళ్లలో బండి ఒకటి, హెల్మెట్ ఒకటి. అది నడిపేవాడి తలకు. వెనక కూర్చున్న భార్యకు లేదు, మధ్యలో ఇరుక్కున్న పిల్లాడికి లేదు. పోలీసు చలానా కోసం పెట్టుకునే హెల్మెట్ ఇలాగే ఉంటుంది. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి. 9 నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు కూడా ఉండాలని, అప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. మంచి హెల్మెట్ పెట్టుకుంటే చనిపోయే ముప్పు దాదాపు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. ఇంత మేలు చేసే వస్తువును ఇంట్లో ఒక్కరికే కొనడం ఏ లెక్క?

ఒక పక్కకు కాళ్లు పెట్టి కూర్చునే చీరకట్టు ఆడవాళ్లకు పట్టు తక్కువ. స్పీడ్ బ్రేకరు దగ్గర, గుంత దగ్గర ముందు జారిపడేది వాళ్లే, తల వెనక భాగం నేలకు తగిలేదీ వాళ్లకే. కొంగో చున్నీనో చక్రంలో చిక్కుకుంటే చెప్పే పనే లేదు. బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి రక్షణ కవచం, పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆసరా ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. బండి అందంగా కనిపించాలని శారీ గార్డు తీయించేసే కుర్రాళ్లు ఆ బండి మీదే అమ్మను గుడికి తీసుకెళ్తారు.

పెద్దవాళ్ల సంగతి ఇంకొకటి. కొడుకు బైకు మీంచి పడితే పది నిమిషాల్లో క్యాజువాలిటీలో ఉంటాడు. తల్లి బాత్రూములో పడితే ‘కాస్త బెణికింది, తైలం రాస్తే తగ్గుతుంది’ అని మూడు నాలుగు రోజులు గడిచిపోతాయి. తీసుకొచ్చేసరికి తుంటి ఎముక విరిగి ఉంటుంది. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లకు వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ జరగాలి. మంచాన ఉంచేస్తే ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు, ఒరుసుకుపోయిన పుండ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ‘ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులెండి’ అన్న మాట దయతో అన్నట్టే ఉంటుంది. ఫలితం మాత్రం దయగా ఉండదు.

తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా పెద్దవాళ్లలో చిన్నది కాదు. ముఖ్యంగా గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మందులు వాడుతుంటే లోపల నెమ్మదిగా రక్తం చేరుతుంది. రెండు మూడు వారాల తర్వాత మతిమరుపు, నడకలో తూలుడు, ఒక పక్క బలహీనత మొదలవుతాయి. పక్షవాతమనో వయసు వల్లనో అనుకుని మెడిసిన్ ఓపీకి తీసుకొస్తారు. ‘ఈ నెల రోజుల్లో ఎప్పుడైనా పడ్డారా?’ అని అడిగితే అప్పుడు గుర్తొస్తుంది. సకాలంలో స్కాన్ తీసి ఆ రక్తాన్ని తొలగిస్తే చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు.

ఇంకో రకం గాయం గురించి ఇళ్లలో మాట్లాడుకోం. కన్ను చుట్టూ కమిలిన మచ్చ, ముంజేతి ఎముక విరుగు, మెడ మీద గుర్తులు. ‘మెట్ల మీద పడ్డాను డాక్టరు గారూ’ అంటుంది. పక్కనే నిలబడ్డ మనిషి ఆమె బదులు జవాబులు చెబుతుంటాడు. గాయం ఎలా తగిలిందో దాస్తే కట్టు కట్టి పంపగలమే తప్ప మళ్లీ తగలకుండా ఆపలేం. మీ ఇంటి ఆడపిల్ల తరచూ ‘పడిపోతుంటే’ ఒకసారి ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. 181 మహిళా హెల్ప్‌లైన్ అందుకోసమే ఉంది.

చట్టం మన వైపే ఉంది

రోడ్డు మీద పడ్డ మనిషిని చూసి ఆగాలని చాలామందికి ఉంటుంది. ‘పోలీసులు, కోర్టులు, మనకెందుకు?’ అన్న భయం ఆపేస్తుంది. ఈ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016లో సుప్రీంకోర్టు తీర్పుతో, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్‌తో సాయం చేసినవాళ్లకు రక్షణ వచ్చింది. ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు ఉండదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రి ఆపి ఉంచకూడదు, డబ్బు కట్టమనకూడదు. తీవ్రంగా గాయపడినవారిని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చి ప్రాణం నిలిపినవారికి కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 25 వేల రూపాయలకు పెంచారు.

ఆసుపత్రుల బాధ్యత ఇంకా పాతది. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాతే. ‘ఇది పోలీసు కేసు, ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి’ అని గేటు దగ్గరే పంపేయడం చట్ట ప్రకారం చెల్లదు.

డబ్బు విషయంలోనూ ఆసరా ఉంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం కింద, మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, బాధితులకు ప్రమాదం రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స అందాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అర్హులకు అదనపు అండ. గుద్దిన బండి దొరకని కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఉంది.

వీటన్నిటికీ పునాది ఒక్క కాగితం, ఎంఎల్‌సీ. అది రాస్తే గొడవలొస్తాయని, ‘ఇంట్లో పడ్డాడని రాయండి’ అని చదువుకున్న కుటుంబాలే బతిమాలుతుంటాయి. బండి నడిపింది మైనర్ కొడుకు కావడం చాలాసార్లు అసలు కారణం. అబద్ధం రాయిస్తే రేపు బీమా రాదు, పరిహారం రాదు, నిజం చెప్పిన సాక్ష్యమూ మిగలదు. మైనర్‌కు బండి ఇస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చని కూడా చట్టంలో ఉంది. తాళం చెవి దాచడం ఇంతకంటే తేలిక.

మనం అడగాల్సినవి

ఏడు రోజుల తర్వాత ఏమిటన్న ప్రశ్నకు ఏ పథకంలోనూ పూర్తి జవాబు లేదు. తొడ ఎముక విరిగిన ఉద్యోగి మెడికల్ లీవు పెడతాడు. అదే విరిగిన ఆటో డ్రైవరు మూడు నెలలు కిస్తీ కట్టలేక ఆటోనే వదులుకుంటాడు. వెన్ను దెబ్బతిన్న మనిషికి ఫిజియోథెరపీ, పుండ్లు పడని పరుపు, మూత్రం గొట్టం మార్చే చేయి ఊళ్లో దొరకవు. ఆపరేషన్ బాగా జరిగి, ఆ తర్వాత ఇంట్లో ఒళ్లు పుండై తిరిగి వచ్చేవాళ్లను మా వార్డులో చూస్తూనే ఉంటాం. దెబ్బ ఒక్క రోజుది, దాని ఖర్చు ఏళ్లది.

అందుకే ఎమర్జెన్సీ వైద్యం గురించి అడిగేటప్పుడు కొత్త భవనం కన్నా కొన్ని మామూలు విషయాలు అడగాలి. మా ఏరియా ఆసుపత్రిలో రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టరు ఉంటున్నారా? రక్తం నిల్వ ఉందా? సీటీ స్కాన్ ఆదివారం కూడా పనిచేస్తోందా? రిఫర్ చేసేటప్పుడు అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి, మంచం ఉందని తెలుసుకుని పంపే ఏర్పాటుందా? రిఫర్ చేసిన మనిషి ఏమయ్యాడో ఎవరైనా రాసి పెడుతున్నారా? మా ఊరి మలుపులో ఎన్ని ప్రమాదాలు జరిగాయో ఆసుపత్రి రిజిస్టరు, పోలీసు రికార్డు కలిపి చూసి రోడ్డు సరిచేస్తున్నారా?

ఈ ప్రశ్నలు ఇప్పటిదాకా ఎక్కువగా అడగనిది మధ్యతరగతే. ప్రభుత్వ ఆసుపత్రి తనది కాదనుకుంది కాబట్టి అడగలేదు. చదువు, పత్రికకు ఉత్తరం రాయగల చొరవ, అధికారులను కలవగల పరిచయాలు ఉన్నది వీళ్లకే. వీళ్లు అడిగి తెచ్చుకున్న సర్జన్ రేపు తండా నుంచి వచ్చిన మనిషికీ పనికొస్తాడు. పండగకు ఊరికి వెళ్తున్న మన పిల్లలకూ పనికొస్తాడు.

మొదటి గంటలో ఇవి మరవొద్దు

• 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. కిలోమీటరు రాయి మీది అంకె, దగ్గర్లోని ఊరు, టోల్‌గేటు పేరు చెబితే బండి త్వరగా చేరుతుంది.

• రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికీ తీసి చూడొద్దు. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దొద్దు. లోపల గుచ్చుకున్న వస్తువును లాగొద్దు.

• మెడ, వెన్ను దెబ్బతిన్నాయన్న అనుమానముంటే అంబులెన్స్ వచ్చేదాకా కదిలించొద్దు. మంటలు, మళ్లీ వాహనాలు గుద్దే ప్రమాదం ఉంటే తప్ప లేపొద్దు. లేపాల్సి వస్తే తల, మెడ, నడుం ఒకే వరసలో ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి ఎత్తండి. కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో కుక్కొద్దు.

• నీళ్లు, సోడా, టీ ఏవీ తాగించొద్దు. స్పృహ తగ్గితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్‌కూ అడ్డమవుతాయి.

• తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు నీళ్లున్న మరో కవర్లో ఉంచి తీసుకురండి. నేరుగా ఐసు మీద పెడితే పాడవుతుంది.

• తలకు దెబ్బ తగిలాక స్పృహలోనే ఉన్నా ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీరో రక్తమో కారడం, చేయి కాలు బలహీనపడటం ఉంటే వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

• వేరే ఆసుపత్రికి మార్చాలనుకుంటే ముందు శ్వాస, రక్తస్రావం అదుపులోకి రానివ్వండి. అవతలి ఆసుపత్రితో మాట్లాడి, ఆక్సిజన్, తోడు మనిషి ఉన్న అంబులెన్స్‌లోనే తీసుకెళ్లండి. స్కాన్లు, కేసు షీటు కాపీ వెంట ఉంచుకోండి.

• రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి పర్సులోనో హెల్మెట్ లోపలో పెట్టుకోండి. ఇంట్లో ఎంతమంది బండెక్కితే అన్ని ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు కొనండి. కారులో వెనక సీటు బెల్టు కూడా పెట్టుకోండి.